కొత్త తొట్టిలో చేపలు ఎందుకు చచ్చిపోతాయి?

గాజు తొట్టి కొన్నారు. శుభ్రంగా కడిగారు. కుళాయి నీళ్ళు నిండా పోశారు. అడుగున రంగురాళ్ళు పరిచారు. లైటు వేశారు. అదే రోజు సాయంత్రం ఆరు ఎర్ర చేపలు తెచ్చి వదిలారు. ఇల్లంతా పండగలా ఉంది. పిల్లలు అన్నం కూడా మరిచిపోయి తొట్టి ముందే కూర్చున్నారు.

మూడో రోజు ఒక చేప నీటి పైకి వచ్చింది. నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నాలుగో రోజు అది వెల్లకిలా తేలింది. రెండు వారాలు తిరిగేసరికి ఆరూ పోయాయి.

ఎలమంచిలిలోనే కాదు. అనకాపల్లిలో, విశాఖపట్నంలో, ఎక్కడైనా కొత్తగా తొట్టి పెట్టిన ఇళ్ళలో తరచూ జరిగేది ఇదే. విశాఖ బీచి రోడ్డులో మత్స్యదర్శిని అనే చేపల ప్రదర్శనశాల పెట్టారు. అలాంటి చోట రంగు చేపల్ని చూసిన పిల్లలు ఇంట్లో కూడా కావాలని మారాం చేస్తారు. తల్లి చీటీ డబ్బుల్లోంచి కొంత తీసి కొంటుంది. చేపలు పోతే పిల్లలు ఏడుస్తారు. డబ్బు దండగ అయిందని పెద్దవాళ్ళు గొణుగుతారు. ఆ మాట పడేదీ తల్లే.

ఎందుకు పోయాయి? ఒకరు దిష్టి తగిలిందంటారు. ఒకరు షాపువాడు రోగం చేపలు అంటగట్టాడంటారు. ఇంకొకరు మేత చాల్లేదంటారు. ఆ మాట నమ్మి ఇంకో గుప్పెడు మేత వేస్తారు. దాంతో ఉన్న చేపలూ పోతాయి.

చాలాసార్లు అసలు కారణం వేరు. తొట్టి కొత్తది. నీళ్ళు కొత్తవి. కంటికి తేటగానే ఉన్నాయి. కానీ చేప బతకడానికి అవి ఇంకా తయారు కాలేదు.

కంటికి కనపడని విషం

తెల్లవారుజామున పశువుల శాలలోకి వెళ్ళండి. ముక్కు అదిరే ఘాటు వాసన వస్తుంది. అది పశువుల మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా. ఐసు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు కూడా ఈ పేరు తెలుసు. నీళ్ళను గడ్డ కట్టించే యంత్రాల్లో అమ్మోనియా వాడతారు. గొట్టం కాస్త కారితే చాలు, కళ్ళు మండిపోతాయి. మనుషులు బయటికి పరుగెత్తుతారు.

చేప కూడా అమ్మోనియాను వదులుతుంది. మేతలోని మాంసకృత్తులు ఒంటికి పట్టగా మిగిలిన వ్యర్థం ఇలా బయటికి వస్తుంది. అందులో ఎక్కువ భాగం మొప్పల నుంచే నీటిలో కలుస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్ళినా ఇదే పుడుతుంది. చేప మలం కుళ్ళినా ఇదే.

ఐసు ఫ్యాక్టరీలో మనిషి బయటికి పరుగెత్తగలడు. గాజు తొట్టిలో చేప ఎక్కడికి పరుగెత్తుతుంది? తను వదిలిన విషంలోనే తను ఊపిరి పీల్చాలి.

ఆ విషం ఎక్కువ ఉండక్కరలేదు. లీటరు నీటికి ఒకటి రెండు మిల్లీగ్రాములు చేరితేనే చేపకు బాధ మొదలవుతుంది. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు. నీళ్ళు వేడిగా ఉంటే ఆ విషం ఇంకా ముదురుతుంది. సున్నం ఎక్కువగా ఉండే బోరు నీళ్ళలోనూ అంతే. మన ప్రాంతంలో ఎండలు తెలిసినవే కదా.

చెరువులో చేపలకు ఏమీ కాదెందుకు?

మంచి ప్రశ్న. ఊరి చెరువులో చేపలు ఏళ్ళ తరబడి ఉంటాయి. అవీ అమ్మోనియా వదులుతాయి. అయినా బతుకుతాయి. ఎలా?

చెరువులో నీళ్ళు చాలా ఎక్కువ. అదొక కారణం. ఇంకో కారణం అడుగున ఉంది. అక్కడ బురద ఉంది. రాళ్ళకు పాచి ఉంది. తామర కాడలున్నాయి. వాటన్నిటినీ అంటిపెట్టుకుని కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు బతుకుతున్నాయి. వీటినే బాక్టీరియా అంటారు.

సూక్ష్మజీవి అనగానే రోగం గుర్తుకొస్తుంది. అన్నీ రోగం తెచ్చేవి కావు. పాలు పెరుగు అయ్యేది వాటి వల్లే. ఇడ్లీ పిండి పొంగేది కూడా వాటి వల్లే. చెరువు నీటిని చేపకు పనికొచ్చేలా ఉంచేదీ అవే.

ఈ పని చేసే జీవులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకరు దంచితే ఇంకొకరు చెరిగినట్టు ఇవి పని పంచుకుంటాయి. మొదటి రకం అమ్మోనియాను పట్టుకుని నైట్రైట్ అనే పదార్థంగా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలో చేరితే ఎర్రటి రక్తం గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ రక్తం ప్రాణవాయువును మొయ్యలేదు. చుట్టూ గాలి ఉన్నా చేపకు ఊపిరాడదు.

అప్పుడు రెండో రకం జీవులు వస్తాయి. ఇవి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. చూడ్డానికి రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి. చదివేటప్పుడు చివరి అక్షరాలు జాగ్రత్తగా చూడాలి. నైట్రైట్ చేపను చంపుతుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపకు హాని లేదు. పైగా అది మొక్కలకు ఎరువు.

రెండు పనులూ ఒక్కటే చేసుకోగల జీవి కూడా ఉందని 2015లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఏ జీవి చేసినా పని మాత్రం ఇదే వరుసలో జరుగుతుంది.

కొత్త తొట్టిలో ఈ జీవులు దాదాపు ఉండవు. రాళ్ళు కడిగేశాం. గాజు తుడిచేశాం. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు ఉంది. ఇక జీవులు ఎక్కడి నుంచి వస్తాయి? గాలిలోంచి, దుమ్ములోంచి, చేపల వెంట కొద్దికొద్దిగా వస్తాయి. వచ్చాక పెరగాలి. పాలను తోడుపెట్టే జీవులు గంటకో గంటన్నరకో రెట్టింపు అవుతాయి. అందుకే రాత్రి తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగు. తొట్టికి కావలసిన జీవులు రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అందుకే తొట్టి తయారు కావడానికి నెల, నెలన్నర కావాలి.

ఫ్రాన్సులో ఇసుక గొట్టం

ఈ సంగతి మొదట తెలిసింది చేపల వల్ల కాదు. మురుగు నీటి వల్ల.

1877లో ఫ్రాన్సు దేశంలో ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పెద్ద గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపారు. పైనుంచి మురుగు నీళ్ళు నెమ్మదిగా పోశారు. కింద కారిన నీళ్ళను రోజూ పరీక్షించారు. మొదటి ఇరవై రోజులూ ఏమీ మారలేదు. పైన పోసిన అమ్మోనియా కింద అలాగే వచ్చింది. తర్వాత నైట్రేట్ రావడం మొదలైంది. అమ్మోనియా పోయింది.

ఇది మట్టి చేసిన పనా, జీవి చేసిన పనా? వాళ్ళు గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపారు. మనుషులకు మత్తు ఇవ్వడానికి వాడిన మందు అది. పని ఆగిపోయింది. ఆవిరి పోయాక కాస్త మట్టి కలిపిన నీళ్ళు పోశారు. కొన్నాళ్ళకు పని మళ్ళీ మొదలైంది. అంటే అక్కడ ఉన్నది ప్రాణం ఉన్నదే! 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త ఆ జీవుల్ని విడిగా పెంచి చూపించాడు.

ఆ గొట్టంలో ఖాళీగా గడిచిన ఇరవై రోజుల్నే మన తొట్టికి కూడా ఇవ్వాలి.

నీళ్ళు తోడుకోవాలి

తొట్టి పెట్టే చోటు ముందే చూసుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి అనుకుందాం. 2 × 1 × 1 = 2 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్లు. మొత్తం 56 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు. రాళ్ళు, గాజు కాక 56 కిలోలు! కాళ్ళు ఊగే బల్ల మీద పెట్టకూడదు. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా వద్దు.

కుళాయి నీళ్ళయితే వెడల్పాటి పాత్రలో ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. బ్లీచింగ్ వాసన పోతుంది. బోరు నీళ్ళయినా ఒక రోజు ఉంచి, చెంబుతో ఎత్తి పోస్తే గాలి కలుస్తుంది. సముద్రం వైపు ఊళ్ళలో కొన్ని బోర్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు మంచినీటి చేపలకు పనికిరావు.

సబ్బు మాత్రం వాడకూడదు. తొట్టికీ వద్దు, రాళ్ళకీ వద్దు.

తొట్టిలో స్పాంజి ఫిల్టరు, దానికి చిన్న గాలి మోటారు పెట్టాలి. స్పాంజిలో వేల చిన్న చిన్న గదులుంటాయి. జీవులు కాపురం పెట్టేది ఎక్కువగా అక్కడే. వాటికీ గాలి కావాలి. కాబట్టి మోటారు రాత్రీ పగలూ తిరగాలి. కరెంటు బిల్లుకు భయపడక్కరలేదు. మోటారు 5 వాట్లది అనుకుంటే, రోజుకు 5 × 24 = 120. నెలకు 3,600. అంటే 3.6 యూనిట్లు.

ఇప్పుడు తొట్టి సిద్ధం. చేపలు లేవు. జీవులకు తిండి ఎలా? రోజూ చిటికెడు చేపల మేత వెయ్యాలి. లేదా చిన్న రొయ్య ముక్కను పలచటి గుడ్డలో కట్టి వెయ్యాలి. అది కుళ్ళుతుంది. అమ్మోనియా పుడుతుంది. మొదటి రకం జీవులకు అదే కూడు.

నాలుగైదు రోజులకు నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడవచ్చు. అప్పుడు చాలామంది కంగారుపడి నీళ్ళన్నీ పారబోస్తారు. పారబొయ్యకూడదు. అది దానంతట అదే తేరుకుంటుంది.

ఇరుగుపొరుగు ఊరుకోరు.

"ఏటే, తొట్టి పెట్టి పది రోజులైంది. చేపలేవీ?" అంటుంది పక్కింటి అప్ప.

"నీళ్ళు తోడుకుంటన్నాయప్పా."

"నీళ్ళు తోడుకోవడమేటి! పెరుగేటి?"

"అలాగే అనుకో. తోడుకోకుండా వేస్తే చచ్చిపోతాయంట."

అప్ప నవ్వినా నవ్వనీ. ఆమె మాట మీద తొందరపడితే నష్టం ఆమెకు కాదు.

పెరుగు మాట వచ్చింది కాబట్టి తోడు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇప్పటికే ఏడాదిగా చేపలు బాగున్న తొట్టి తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంటే, వాళ్ళ స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోవచ్చు. గుప్పెడు రాళ్ళైనా చాలు. తడి ఆరకుండా వాళ్ళ తొట్టి నీళ్ళలోనే తెచ్చి వెంటనే కొత్త తొట్టిలో వెయ్యాలి. ఇదే తోడు. నెల పట్టే పని వారం, రెండు వారాల్లో కావచ్చు. అయితే రోగం ఉన్న తొట్టి నుంచి తెస్తే రోగం కూడా వస్తుంది. షాపు తొట్టి కంటే తెలిసిన ఇల్లే నయం.

నీళ్ళు తయారయ్యాయని ఎలా తెలుస్తుంది? రంగు చేపల సామాన్లు అమ్మే షాపుల్లో పరీక్ష పెట్టెలు దొరుకుతాయి. వాటిని టెస్ట్ కిట్లు అంటారు. చిన్న సీసాలో తొట్టి నీళ్ళు పోసి, చెప్పినన్ని చుక్కల మందు వేస్తే రంగు తేలుతుంది. పెట్టెలో రంగుల కాగితం ఉంటుంది. పక్కన అంకెలుంటాయి. పోల్చి చూడాలి. చాలా పెట్టెల్లో అమ్మోనియా లేకపోతే పసుపు రంగు, ఉంటే ఆకుపచ్చ. కాగితం మీద మాటలు ఇంగ్లీషులో ఉండొచ్చు. చదువుకునే పిల్లల్ని ఒకసారి అడిగి, పక్కన తెలుగులో రాసి పెట్టుకుంటే ఆ తర్వాత ఎవర్నీ అడగక్కరలేదు.

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరులోనే ఈ అంకెలు కూడా రాయవచ్చు. మొదటి వారం, పది రోజులు అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. ఇది పెద్ద గండం. మొదటి వారం గట్టెక్కిన చేపలు కూడా కొత్త తొట్టిలో రెండో వారంలోనో మూడో వారంలోనో పోయేది ఇందుకే. ఆ తర్వాత నైట్రైట్ కూడా తగ్గుతుంది. నైట్రేట్ కనపడుతుంది. చిటికెడు మేత వేసిన మర్నాడు చూస్తే అమ్మోనియా 0, నైట్రైట్ 0 ఉండాలి. వరసగా నాలుగైదు రోజులు అలా ఉంటే తొట్టి తయారైనట్టే.

పరీక్ష పెట్టె కొనలేకపోతే? ఆరు వారాలు నిండా ఆగాలి. ఆ తర్వాత కూడా రెండే చేపలతో మొదలుపెట్టాలి.

చేపలు వచ్చే రోజు

ముందు సగం నీళ్ళు తీసి, ఒక రోజు ఉంచిన కొత్త నీళ్ళు పోయాలి. పేరుకున్న నైట్రేట్ తగ్గుతుంది. చేపల కవరును విప్పకుండా పావుగంట తొట్టి నీటిపై తేలనివ్వాలి. రెండు నీళ్ళ వేడీ ఒకటవుతుంది. తర్వాత కవరులోకి కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళు పోసి, చేపల్ని మెల్లగా వదలాలి.

ఒకేసారి పది చేపలు వెయ్యకూడదు. జీవులు ఉన్న తిండికి తగినంతే పెరిగి ఉంటాయి. నలుగురికి వండిన ఇంటికి నలభై మంది వస్తే ఎలా? మొదట రెండు మూడు గప్పీలో మోలీలో చాలు. రెండు వారాలు ఆగి ఇంకో రెండు. ఎర్రగా బొద్దుగా ఉండే గోల్డ్ ఫిష్ పిల్లలకు ముద్దొస్తుంది గానీ, అది బాగా తిని బాగా మురికి చేసే చేప. పెద్దదవుతుంది. చిన్న తొట్టికి అది తగదు.

కొందరు షాపువాళ్ళు తొట్టిని శుభ్రం చేసే చేప అని నల్లటి, గరుకు ఒళ్ళు చేపను కూడా అంటగడతారు. అది గాజుకు పట్టిన పాచి తింటుంది, నిజమే. అమ్మోనియాను తినదు. పైగా తన వంతు వదులుతుంది. అది పెరిగి తొట్టి పట్టనప్పుడు జనం చెరువులో పారేస్తారు. అలా చేరిన ఈ చేప ఆంధ్రలో చేపల చెరువుల్లో వలలు చింపుతోంది. దెయ్యం చేప అని పేరు కూడా వచ్చింది.

మేత రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చాలి. ఆ తీసిన నీళ్ళు మల్లె మొక్కకు పోస్తే మంచి ఎరువు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. స్పాంజి నల్లగా అయిందని తీసుకెళ్ళి కుళాయి కింద పిండి పిండి ఉతుకుతారు. బ్లీచింగ్ నీళ్ళకు జీవులు చస్తాయి. నెల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే స్పాంజిని రెండుసార్లు మెల్లగా పిండితే చాలు.

కరెంటు సంగతి కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు అన్నాళ్ళు ఆగితే స్పాంజిలో జీవులకు గాలి అందదు. చాలావరకు చస్తాయి. కాబట్టి అలాంటప్పుడు స్పాంజిని మోటారు నుంచి తీసి తొట్టిలోనే వదులుగా తేలనివ్వాలి. మేత ఆపాలి. గంటకోసారి చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూ ఉండాలి. కరెంటు వచ్చాక నీళ్ళు పరీక్షించాలి. అమ్మోనియా కనపడితే తొట్టి మళ్ళీ కొత్తదే అనుకోవాలి.

ఇప్పటికే చేపలు వేసేసినవాళ్ళు ఏం చెయ్యాలి? మేత రెండు రోజులు ఆపండి. చేప తట్టుకుంటుంది. రోజూ నాలుగో వంతు నీళ్ళు మార్చండి. నైట్రైట్ ఉంటే లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పొయ్యండి. 50 లీటర్లకు 50 గ్రాములు. ఉప్పు నైట్రైట్‌ను చేప రక్తంలోకి పోనివ్వకుండా చాలావరకు అడ్డుకుంటుంది. మొక్కలుంటే మాత్రం అవి వాడిపోవచ్చు.

పెరట్లో పెంచి అమ్మేవాళ్ళకు

రంగు చేపలు సరదాకే కాదు. చెన్నైలో కొళత్తూరు అనే చోట ఎన్నో కుటుంబాలు రంగు చేపలు పెంచి, అమ్మి బతుకుతున్నాయి. గప్పీ, మోలీ గుడ్లు పెట్టవు, పిల్లల్నే పెడతాయి. అందుకని కొత్తవాళ్ళకు వీటితో సులువు.

పెరట్లో సిమెంటు తొట్టి కడితే ఇంకో జాగ్రత్త కావాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగుతుంది. అందులో చేప బతకదు. నిండా నీళ్ళు పెట్టి, నాలుగైదు రోజులకోసారి పారబోస్తూ రెండు మూడు వారాలు నానబెట్టాలి. చాలాచోట్ల అరటి బోదె ముక్కలు కూడా వేసి నానబెడతారు. ఆ తర్వాత, ఇంతవరకు చెప్పుకున్న తోడు పని మొదలవుతుంది. చేపల చెరువుల రైతులు కూడా ఇలాగే చేస్తారు. చెరువు ఎండగడతారు. సున్నం చల్లుతారు. నీళ్ళు పెట్టి పేడ వేస్తారు. నీళ్ళు కాస్త పచ్చబడేదాకా ఆగి, అప్పుడే పిల్లల్ని వదులుతారు.

2020లో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ప్రారంభించింది. పెరట్లో రంగు చేపల పెంపకం కూడా అందులో ఉంది. యూనిట్ ఖర్చు 3 లక్షల రూపాయలుగా లెక్క కట్టారు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ, మిగిలినవారికి 40 శాతం. ఆడవాళ్ళయితే 1,80,000 సబ్సిడీ పోను 1,20,000 సొంతంగానో అప్పుగానో పెట్టాలి. పథకాలు మారుతుంటాయి. అప్పు చేసే ముందే మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళి, ఇప్పుడు ఏముందో అడిగి, ఆ కాగితం స్వయంగా చదవాలి.

అప్పు తెచ్చినవాళ్ళు వాయిదా భయంతో తొందరపడతారు. నాలుగు తొట్లూ ఒకేసారి నింపి, చేపలు ఒకేసారి వేసేస్తారు. అలా కాకుండా ముందు ఒక్క తొట్టి తయారు చేసుకోవాలి. దానికి నెలన్నర పట్టనివ్వండి. ఆ తొట్టిలో రెండు స్పాంజిలు పెట్టి ఉంచితే, అది తయారయ్యాక ఒక స్పాంజి తీసి రెండో తొట్టికి తోడు వెయ్యొచ్చు. రెండో దాని నుంచి మూడో దానికి. వాటికి మళ్ళీ నెలన్నర ఆగక్కరలేదు.